శుక్రవారం తెల్లవారితే శనివారం

ఇరవై రెండేళ్లుగా నేను ఒక రోజును మోస్తున్నాను. సరిగ్గా ఒక్క రోజు, ఇరవై నాలుగు గంటలు. ఒక పసిపిల్ల పుట్టుకలోంచి తీసి నా దగ్గర దాచుకున్న రోజు అది. బరువంటే గుండె మీద రాయిలా ఎప్పుడూ ఉంటుందనుకుంటారు. అలా ఉండదు. అన్నం తింటాం, నవ్వుతాం, బస్సులో సీటు కోసం గొడవపడతాం. ఈలోగా పక్కన ఎవరో ఎవరినో "పాప ఏ రోజు పుట్టిందండీ?" అని అడుగుతారు. అంతే. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోతుంది.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. చెబుతూ చెబుతూ మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే పసిగట్టండి. ఆ విద్య నాకు బాగా వచ్చు.

అప్పట్లో అమీర్‌పేటలో గోడలు కనిపించేవి కావు. అన్నీ కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఆ బోర్డుల సంగతి విని నేనూ గోదావరి జిల్లా నుంచి వచ్చాను. రెండు కోర్సులు చేశాను. ఇంటర్వ్యూకి వెళితే మాత్రం ఇంగ్లీషు గొంతు దాటి వచ్చేది కాదు. ఏడాదిన్నర తిరిగి తిరిగి, చివరికి ఒక పాత కంప్యూటరూ, చిల్లుల కాగితం మీద కీచుకీచుమంటూ కొట్టే ప్రింటరూ కొనుక్కున్నాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే ఒక సందులో, మెట్ల కింద గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టాను. కంప్యూటర్ జాతకాలు. దాని కింద చిన్న అక్షరాలతో: మనిషి పొరపడవచ్చు, యంత్రం పొరపడదు. ఆ వాక్యం నేనే రాశాను. రాసినప్పుడు ఎంత గర్వపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

నా పక్క షట్టర్ యాదగిరిది. లేడీస్ టైలర్. సిరిసిల్ల దగ్గరి నేత కుటుంబం. తండ్రి మగ్గం మీద కూర్చుంటే కొడుకు కుట్టు మిషన్ మీద కూర్చున్నాడు. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైనా నన్ను అన్నా అనేవాడు. ఆ సందులో అందరూ అందరికీ అన్నలే.

మేడ మీద పోర్షన్‌లో తాయారమ్మగారు ఉండేవారు. నరసాపురం పక్క పల్లెటూరు ఆవిడది. ఎనిమిదో ఏట నుంచి లేసు అల్లిన చేతులు. ఆవిడ అల్లిన బల్లగుడ్డలు ఓడలెక్కి ఏ దేశాలకు వెళ్లాయో ఆవిడకే తెలియదు. వయసు మీదపడి సన్న దారం కంటికి ఆనకపోవడంతో ఊలు పట్టుకున్నారు. మా సందులో ఏ ఇంట బిడ్డ పుట్టినా ఆవిడ చేత్తో అల్లిన ఒక జత ఊలు బూట్లు వెళ్లాల్సిందే. ప్రతి బూటు ముక్కు మీద ఒక జంతువు ముఖం, రెండు చెవులు, మడమ దగ్గర తోక. ఏ జంతువు అన్నది ఆవిడ ఇష్టం కాదు, నక్షత్రం ఇష్టం. పెళ్లి పొంతనలు చూసేవాళ్లకు తెలుసు, ప్రతి నక్షత్రానికీ ఒక జంతువు ఉంటుంది. అశ్వినికి గుర్రం, భరణికి ఏనుగు. పొంతనలప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాని ఆ పట్టికను పట్టుకుని ఆవిడ పసివాళ్ల కాళ్లకు తొడిగేవారు.

దానికి కొన్ని నియమాలు. బిడ్డ భూమ్మీద పడకముందు సూది ముట్టకూడదు. నక్షత్రం తెలియకుండా మొదటి ముడి వేయకూడదు. పసివాళ్లను టేపుతో కొలవకూడదు, పచ్చి నూలు దారంతో కొలిచి ముడి వేసుకోవాలి. తొట్టెలలో వేసే ఇరవై ఒకటో రోజుకు బూట్లు కాళ్లకు ఉండాలి. నక్షత్రం కోసం ఆవిడ నా దగ్గరకే వచ్చేవారు. రోహిణి పిల్లలకు పాము వస్తుంది. పామును ఎవరు తొడుక్కుంటారు? వాళ్లకు పచ్చ ఊలుతో అల్లి, పైన ఒక్క వంకర గీత వేసేవారు. "పాముందని నీకూ నాకూ తెలిస్తే చాల్లే నాయనా" అనేవారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ సందులో నా అంకెలు కాగితం మీద ఆగిపోయేవి కావని మీకు తెలియాలి. అవి ఎవరి కాళ్లకో చేరేవి.

యాదగిరికి పెళ్లయిన ఎనిమిదేళ్లకు అతని భార్య నెల తప్పింది. పురిటికి యూసుఫ్‌గూడలో తమ్ముడి ఇంటికి వెళ్లింది. ఇంకా పదిహేను రోజులు టైముంది కదా అని యాదగిరి సిరిసిల్లలో చిన్నాన్న కూతురి పెళ్లికి వెళ్లాడు. అతను అక్కడుండగానే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. పెళ్లి పందిట్లోకి ఫోన్ వచ్చిందట. అతని తల్లి మాత్రం ఒక మెలిక పెట్టి పంపింది. ఎనిమిదేళ్లకు పుట్టిన బిడ్డ, ముందు నక్షత్రం చూపించుకుని ఆ తర్వాత ముఖం చూడు అని.

సోమవారం మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా నా గదికి వచ్చాడు. భుజాన సంచీ అలాగే ఉంది. లోపల ముగ్గురు కూర్చుని ఉన్నారు. వాళ్లను దాటుకుని వచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"అన్నా, జల్దీ కొట్టు. ఆటో ఆపిన బయట. నా బిడ్డ ఎదురుచూస్తున్నది."

"మూడు రోజుల పిల్ల నీకోసం ఎదురుచూస్తోందా?"

"సూస్తది అన్నా. నా బిడ్డ గద."

"సరే, ఎప్పుడు పుట్టింది?"

"శుక్రారం తెల్లారితే శనారం. నాలుగు గొట్టి పది నిమిషాలకు. మా బామ్మర్ది గడియారం జూసి చెప్పిండు."

మన ఇళ్లలో అందరూ అలాగే చెబుతారు. సూర్యుడు వచ్చేదాకా మనకు రోజు మారదు. ఆ మాటలో రెండు రోజులున్నాయి. యంత్రానికి ఒక్కటే కావాలి, దానికి అర్ధరాత్రే రోజు మారిపోతుంది. శనివారం తేదీ వేసి, ఉదయం నాలుగూ పది కొట్టాలి. నేను మొదటి మాట విన్నాను, శుక్రవారం తేదీ వేశాను. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అది సాకు కాదు. అలాంటి పుట్టుకలు అంతకుముందు పదుల కొద్దీ సరిగ్గానే వేశాను.

ప్రింటరు కీచుకీచుమంది. చిత్త నక్షత్రం, ఒకటో పాదం. దాని కింద యంత్రం తనంతట తానే కొట్టే వాక్యం: తండ్రికి అరిష్టము, శాంతి చేయించవలెను.

చదవకుండా మడిచి ఇచ్చి ఉంటే? చాలాసార్లు అనుకున్నాను. కానీ "ఏం రాసిందన్నా?" అని అడిగాడు, నేను పైకి చదివాను. ముగ్గురూ విన్నారు. యాదగిరి చేతులు బల్ల మీద నుంచి మెల్లగా కిందికి జారాయి. బయటికి వెళ్లి ఆటో పంపించేశాడు.

బల్కంపేటలో ఉండే ఒక పంతులుగారు ఆ కాగితం చూసి ఇరవై ఏడో రోజు దాకా తండ్రి బిడ్డను చూడకూడదన్నారు. మళ్లీ అదే నక్షత్రం వచ్చిన రోజు శాంతి చేసి, ముందు నూనెలో నీడ చూసి ఆ తర్వాత ముఖం చూడాలి. పంచాంగం కూడా ఒకసారి తిరగేయమంటే, కంప్యూటర్ కాగితం ఉండగా పంచాంగం ఎందుకన్నారట. కాగితం మీద శుక్రవారం అని ఉంది. వాళ్ల ఇంటి లెక్కలోనూ అది శుక్రవారమే. ఇక ఎవరికి అనుమానం వస్తుంది?

రెండు రోజులు యాదగిరి షట్టర్ సగమే తీశాడు. మూడో రోజు తాయారమ్మగారు మెట్లు దిగి వచ్చారు. పసుపు ఊలు ఉండ, నల్ల ఊలు ఉండ తెచ్చి అతని ఒళ్లో పడేశారు. చిత్తకు పులి.

"ముఖం చూడొద్దన్నారు సరే. కాళ్లకు బూట్లు అల్లొద్దని ఎవరన్నా అన్నారా? ఈసారి నేను అల్లను, నువ్వే అల్లు."

"నేనా? గీ ఊలు పని ఆడోళ్లది గద తాయారమ్మా."

"ఏంటీ, నువ్వు కుట్టే జాకెట్లు మగాళ్లేసుకుంటున్నారా?"

షట్టర్ ముందు జాకెట్ కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు పగలబడి నవ్వారు. యాదగిరి కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నా మనసు తేలికపడింది. అప్పటికి నాకేమీ తెలియదు. అది కూడా రాసుకోండి, నా పక్షాన ఉన్నది ఆ ఒక్కటే.

ఆవిడ షేర్ ఆటోలో యూసుఫ్‌గూడ వెళ్లి బిడ్డ పాదం కొలిచి దారం తెచ్చారు. తెల్ల నూలు దారం, రెండు చివర్లా రెండు ముడులు. యాదగిరి దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. మెడలో టేపు వేలాడుతూనే ఉంది. రోజుకు పది మంది కొలతలు రాసుకునే మనిషి ఆ ఒక్క కొలతను పుస్తకంలో రాసుకోలేదు, ఎదురుగా మేకుకు వేలాడదీసుకున్నాడు. నా చూపుడువేలి కంటే కాస్త పొడవు. అంతే బిడ్డ. అంతవరకే అతనికి అనుమతి ఉన్న బిడ్డ.

అతని వేళ్లకు కత్తెర అలవాటు, సూది అలవాటు. ఆ కొక్కెం సూది మాత్రం మాట వినలేదు. బిడ్డ బూటుకు అరికాలు ముందు అల్లాలి. పది గొలుసు కన్నులు వేసి, కొస దగ్గర మలుపు తిరిగి, వచ్చిన దారినే రెండో వైపు పోవాలి. మలుపు దగ్గర కన్నులు ఎక్కువైతే అరికాలు గిన్నెలా ముడుచుకుంటుంది. అది ముడుచుకునేది. విప్పేవాడు. మళ్లీ ముడుచుకునేది. మళ్లీ విప్పేవాడు. విప్పిన ఊలు వంకీలు తిరిగిపోతే తాయారమ్మగారు తడిపి, గుండ్రాయికి చుట్టి ఆరబెట్టి ఇచ్చేవారు. కస్టమర్లు ఊరుకుంటారా? "యాదగిరీ, నా జాకెట్ ఏది, పులికి తొడిగినవా?" అని ఒకామె రోజూ అడిగేది. "పులికి సరిపోతలేదక్కా, నీకే కుడుత" అనేవాడు తలెత్తకుండా.

మొదట తయారైన ముఖాన్ని తాయారమ్మగారు వెలుతురుకు పట్టి చూశారు.

"ఏంటయ్యా ఇది? పులిలా లేదు, దొంగపాలు తాగిన పిల్లిలా ఉంది."

"పులిపిల్ల అట్లనే ఉంటది తాయారమ్మా. పెద్దగైనంక గాండ్రిస్తది."

నేను నా గదిలో కూర్చుని ఇదంతా చూస్తుండేవాణ్ని. మా మధ్య చెక్క పార్టిషన్ ఒక్కటే, పైన జానెడు ఖాళీ. దేవుడి గురించి నేనెప్పుడూ పెద్దగా ఆలోచించింది లేదు. కానీ ఒక మనిషి చూడని ముఖం కోసం, తాకని కాలు కోసం, ఒక దారప్పోగును ఎదురుగా మేకుకు వేలాడదీసుకుని, శూన్యం చుట్టూ ఊలు తిప్పుతుంటే చూశాను. తిప్పుతున్నకొద్దీ ఆ శూన్యానికి మడమ వచ్చింది. వేళ్లకు చోటు వచ్చింది. అక్కడ కాలు లేదు, అయినా ఉంది. కోర్సుల్లో నేర్చుకున్నదేదీ నన్ను అంతగా కదిలించలేదు. అంత గొప్ప పని అంతకుముందు చూడలేదు. నిజం చెబుతున్నాను, ఆ తర్వాతా చూడలేదు.

బిడ్డకు తొమ్మిదో రోజున యాదగిరి ఒక కాగితం తెచ్చాడు. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ కోసం ఇంగ్లీషులో అర్జీ టైపు చేసి పెట్టమన్నాడు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన చీటీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తేదీ టైపు చేస్తుంటే వేళ్లు ఆగిపోయాయి. శనివారం తేదీ. నాలుగూ పది.

గది ఖాళీ అయ్యేదాకా ఆగాను. జాతకం తెరిచి తేదీ మార్చి కొట్టాను. స్వాతి. దోషం ఉండాల్సిన గడిలో ఏమీ లేదు. తెల్లగా ఉంది. కింద స్వాతికి రావలసిన జంతువు: దున్నపోతు.

పార్టిషన్ పైనుంచి యాదగిరి గొంతు వినిపిస్తోంది. "గీ చెవి సక్కగ వచ్చిందా జూడు తాయారమ్మా." లేచి నాలుగు అడుగులు వేసి ఒక్క మాట చెబితే చాలు. అరగంటలో అతను యూసుఫ్‌గూడలో ఉండేవాడు. బిడ్డ అతని చేతుల్లో ఉండేది. నేను మానిటర్ ఆపేశాను.

భయం. అవును. ఎవరూ ఉద్యోగం ఇవ్వని నన్ను ఆ సందు మొత్తం కంప్యూటర్ సార్ అనేది, ఆ పిలుపు పోతుందని భయం. అది ఒక్కటే అయితే ఈపాటికి నన్ను నేను క్షమించుకుని ఉండేవాణ్నేమో. ఇంకొకటి ఉంది. అది చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది. నేను మాట చెబితే ఆ అల్లిక ఆగిపోతుంది. అతను సూది కింద పడేసి పరుగెత్తుతాడు. నా కళ్ల ముందు శూన్యంలోంచి ఒక కాలు పుడుతోంది, అది పూర్తి కావడం నాకు చూడాలనిపించింది. ఒక తండ్రి ఆకలిని నేను వేడుకలా చూశాను. పెట్టగలిగిన అన్నం నా చేతిలోనే ఉండగా. ఎటువంటి మనిషి అలా చేస్తాడు?

అయినా ఆ రోజుతో పోయి ఉంటే అది మౌనం మాత్రమే. పదకొండో రోజు వచ్చింది. యాదగిరి నా గదికి వచ్చి, ఖాళీ కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"అన్నా, ఒక మాట అడుగుత. గుస్స గావద్దు."

"చెప్పు."

"తాయారమ్మ నిన్న కొత్త దారం తెచ్చింది. పాతదాని పక్కన పెట్టి జూసిన. బియ్యపుగింజంత పెరిగింది అన్నా కాలు. నేను జూడకనే పెరుగుతున్నది." కంప్యూటర్ వైపు చూశాడు. "జర మల్లొక్కపారి కొట్టి జూడరాదు కంప్యూటర్ల. ఏమన్న తప్పు పడ్డదేమో."

"తప్పెందుకు పడుతుంది?"

"నాకేమెరుక. మిషన్ గద. నా మిషన్ సుత ఒక్కోపారి కుట్టు తప్పుతది."

"ఇది కుట్టు మిషన్ కాదు యాదగిరీ. మనుషులు పొరపడతారు గానీ ఇది పొరపడదు."

"గదే అన్నా. మనుషులు పొరపడ్డరేమో అని."

నా వంక చూశాడు. అనుమానం లేదు ఆ చూపులో. నాకొక దారి చూపిస్తున్నాడు, అంతే. పొరపాటు జరిగింది అంటే ఎగిరి గంతేసేవాడు, నన్ను కౌగిలించుకునేవాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. నేను కీబోర్డు దగ్గరకు లాక్కుని శుక్రవారం తేదీ కొట్టాను. తెలిసి, ఒక్కొక్క అంకె. ఈసారి నా చెయ్యి తొందరపడలేదు. ప్రింటరు కీచుకీచుమని అదే కాగితాన్ని మళ్లీ కక్కింది. చిత్త, ఒకటో పాదం.

అతను ఆ కాగితాన్ని మడిచి కళ్లకద్దుకున్నాడు. "తప్పు నాదే అన్నా. అనుమానపడ్డ" అన్నాడు.

ఆ మాట అతను అన్నాడు. నేను విన్నాను. విని కూర్చున్నాను.

ఇరవై ఒకటో రోజున యూసుఫ్‌గూడలో బిడ్డను తొట్టెలలో వేశారు. రజిత అని పేరు పెట్టారు. సందంతా వెళ్లింది. ముందు రోజు సాయంత్రమే యాదగిరి రెండు బూట్లూ పూర్తిచేసి తాయారమ్మగారి చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిలో రెండు వేళ్లు దూర్చి బల్ల మీద నడిపించారు. చిన్న చిన్న అడుగులు. మూడేసి నల్ల చారలు, గుండ్రటి చెవులు, కొంచెం ఆశ్చర్యపోయినట్టున్న కళ్లు. యాభై ఏళ్లు అల్లిన మనిషి, తప్పులు వెతికే మనిషి, ఒక్క తప్పు కూడా పట్టలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు. తొట్టెల రోజున తండ్రి తన షట్టర్‌లో కూర్చుని ఎవరిదో జాకెట్‌కు హుక్కులు కుట్టాడు. నేనూ వెళ్లలేదు. ఇద్దరం ఒకే టీ తాగాం, చెరి సగం.

ఇరవై ఏడో రోజు శాంతికి నన్ను బలవంతంగా యూసుఫ్‌గూడ తీసుకెళ్లాడు. పూజయ్యాక కంచు పళ్లెంలో నువ్వులనూనె పోసి అతని ముందు పెట్టారు. అతని భార్య వెనక నుంచి వచ్చి, భుజం మీదుగా బిడ్డను వంచి పట్టుకుంది. నూనె కాసేపు కదిలి, నిలిచింది. అందులో ఒక ముఖం తేలింది. బంగారు రంగులో, కళ్లు మూసుకుని. యాదగిరి ఊపిరి బిగపట్టాడు, నూనె కదిలితే ముఖం చెదురుతుందని. ఆ తర్వాత వెనక్కి తిరిగాడు. నేను ముఖాన్ని చూస్తాడనుకున్నాను. అతను ముందు కాళ్లు పట్టుకున్నాడు. బూట్ల మీద నుంచి మడమ, అరికాలు, వేళ్లు, ఒక్కొక్కటీ తడిమి చూశాడు. తనకు ముందే తెలిసిన కాలు. "గిదే" అన్నాడు. "గిదే కాలు."

ఆ క్షణం ముందు నేను ఎంత చిన్నవాణ్నో నాకు తెలిసింది. నా దొంగతనంలోంచి కూడా అంత పెద్దది పుట్టింది. పుట్టింది కదా అని నా తప్పు చిన్నదవుతుందా? కాదు. అతను మూడో రోజునే బిడ్డను ఎత్తుకుని ఉంటే, ఆ వెలుగు ఇంకో రూపంలో ఉండేది. ఇరవై నాలుగు రోజులు పోగొట్టుకున్నాడు. అందులో మొదటి ఆరు రోజులూ నా పొరపాటు. మిగతా పద్దెనిమిది రోజులూ పొరపాటు కాదు.

జాతకాల గది రెండేళ్లలో మూసేశాను. ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే పనిలో చేరాను. తాయారమ్మగారు పోయాక సందులో పుట్టిన పిల్లలకు యాదగిరే బూట్లు అల్లేవాడు, జాకెట్ల మధ్య. రజితను ఇంట్లో పులీ అని పిలిచేవాడు. నన్ను మాత్రం చివరిదాకా అన్నా అన్నాడు. "నీ కంప్యూటర్ ముందుగాల చెప్పబట్టి శాంతి చేసుకున్న, బతికిన" అని పదిమందిలో అనేవాడు. నేను నవ్వేవాణ్ని. ఆ నవ్వులు ఎన్నని చెప్పను?

పోయిన ఏడాది అతను కిడ్నీలు పాడై చనిపోయాడు. ఏళ్ల తరబడి షుగరు, మందులు సరిగా వేసుకోలేదు. డాక్టర్లకు అందులో వింతేమీ కనిపించలేదు. పదకొండో రోజు కర్మకు యూసుఫ్‌గూడలో అతని బావమరిది ఇంట్లో నేను ఒక మూల కూర్చుని ఉంటే రజిత వచ్చి పక్కన కూర్చుంది. ఇరవై ఒక్కేళ్ల పిల్ల. చేతిలో నా కాగితం. అంచులకు చిల్లులు ఇంకా అలాగే ఉన్నాయి.

"బాబాయ్, ఇందుల తండ్రికి అరిష్టం అని రాసున్నది గద. శాంతి సరిగ్గ చేయలేదేమో. నాయన నన్ను అసలే చూడకుండ ఉంటే బతికేటోడేమో."

ఏడవలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. ఎవరో బంధువు వంటింట్లో గొణిగిన మాట ఆ పిల్ల చెవిన పడి, నిజమై కూర్చుంది. నేను ఆమె తల మీద చెయ్యి వేశాను. అలాంటివేం నమ్మకమ్మా అన్నాను. అది కూడా అబద్ధమే. నమ్మవద్దని చెప్పడం కాదు నేను చేయాల్సింది. ఆ కాగితమే తప్పు అని చెప్పాలి. మూడోసారి కూడా చెప్పలేదు.

నక్షత్రాలు మనుషుల్ని చంపుతాయో లేదో నాకు తెలియదు. అన్ని జాతకాలు తీసినా నాకు తెలియదు. కానీ ఆ పిల్ల నమ్ముతోంది. తన కాళ్లు నేల మీద పెట్టిన రోజు నుంచీ తండ్రి ఆయుష్షు తింటూ వచ్చానని నమ్ముతోంది. దానికి ఆధారం నా చేతి అంకె. నమ్మకాన్ని తీసేయడం నా వల్ల కాదు, అంకెను తీసేయగలను. తీసేస్తే ఇంకొకటి కూడా పోతుంది. పులీ అని పిలిచిన తండ్రి గొంతులోంచి పులి పోతుంది. చూడకుండా గడిచిన రోజులన్నీ ఊరికే పోయినవని తెలుస్తుంది. ఆ కోపం ఆమెది. అది నా వైపే రావాలి. ఇన్నాళ్లూ తన వైపు తిప్పుకుని కూర్చుంది.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేడు. ఆ పిల్లను అడిగితే ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టడమే అవుతుంది. ముందు మీకు చెప్పాను, నోరు తిరుగుతుందో లేదో చూసుకోవడానికి. తిరిగింది. ఆదివారం యూసుఫ్‌గూడ వెళ్లి, ఇదంతా రాసిన ఈ కాగితాలు ఆమె చేతికిస్తాను. చదివేదాకా అక్కడే కూర్చుంటాను. లేచి పొమ్మంటే పోతాను.

ఆమె మొదట చదవాల్సిన వాక్యం చివర రాస్తున్నాను. అమ్మా రజితా, నువ్వు పుట్టింది శనివారం, ఉదయం నాలుగు గంటల పది నిమిషాలకు. నీది స్వాతి నక్షత్రం. నీ వల్ల మీ నాన్నకు ఏ అరిష్టమూ లేదు. ఆ సంగతి నీకు తొమ్మిదో రోజు వచ్చినప్పటి నుంచీ నాకు తెలుసు.